సాక్ష్యం చెప్పాక వచ్చిన దగ్గు

మా ఆడపడుచు కూతురు జ్యోతి మొన్న వచ్చి, టీ తాగుతూ, "గుడికెందుకత్తా? ఇంట్లో ప్రసంగాల టేపులున్నాయి. పడుకుని వినొచ్చు. అక్కడికెళ్తే చాడీలు తప్ప ఏటుంది?" అంది. చర్చిని మేము గుడి అనే అంటాం. నాకు ఒళ్ళు మండింది. మండినా ఏమీ అనలేదు. ఎందుకంటే ఆ మాట ఒకప్పుడు మా ఇంట్లో మేమే అనుకున్నాం, అనుకుని నేను చావు గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. నోటితో చెబితే జ్యోతి మధ్యలో లేచిపోతుంది. అందుకే రాస్తున్నాను. హిందీ స్కూలు చదువు కాబట్టి తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. కూడబలుక్కోనీ, నెమ్మదిగా చదివితేనే మంచిది. నాలాంటి జబ్బుతో ఇంకెవరైనా మంచం మీదుంటే వాళ్ళకీ పనికొస్తుందేమో.

ఎనభై ఏడు, వానాకాలం

మా ఆయన ప్రకాశం బిలాస్‌పూర్ రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఆ ఏటి వానలకి క్వార్టరు గోడలన్నీ చెమ్మ పట్టాయి. కాలనీలో అందరూ దగ్గారు, నేనూ దగ్గాను. అందరి దగ్గూ పోయింది, నాది ఉండిపోయింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, తెల్లారేసరికి చెమటతో జాకెట్టు తడిసిపోయేది. "ఏటి కరుణా, సినిమాల్లోకెల్తావేటి, ఇలగ సన్నబడిపోనావు?" అని పక్క క్వార్టరు వదిన నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వితే దగ్గు వచ్చింది.

రైల్వే ఆసుపత్రి వరండాలో బల్ల మీద ఎన్ని పొద్దుటిపూటలు కూర్చున్నానో. అక్కడ ఎవరి ముఖం ఎవరూ చూడరు, అందరూ తలుపు వైపే చూస్తారు. ఛాతీ ఫోటో చూసి డాక్టరు పిలిచే రోజున, మోప్కా నుంచి వచ్చిన గ్యాంగ్‌మన్ భార్య ఒకావిడ నా పక్కన కూర్చుంది. నా ముఖం చూసి ఒడిలోంచి జామకాయ తీసి, సగం కొరికి, సగం నాకిచ్చి, "ఖా లే బహినీ" అంది. ఎంగిలిదని కూడా ఆలోచించకుండా తినేశాను. ఆ తర్వాత ఆవిడని మళ్ళీ చూడలేదు.

డాక్టరు టీబీ అన్నాడు. "ఏడాది మందులు వాడాలి. మధ్యలో తగ్గిపోయినట్టే ఉంటుంది, అయినా ఆపకూడదు" అని మా ఆయనకి హిందీలో రెండుసార్లు చెప్పాడు. వచ్చేదారిలో మా ఆయన సైకిలు ఎక్కలేదు, నడిపించుకుంటూ వచ్చారు. రైల్వే గేటు దగ్గర గూడ్సు బండి దాటేదాకా ఆగి, "ఎవులికీ చెప్పకు" అన్నారు. నేను తలూపాను.

కానీ మా సంఘంలో ఏదీ దాగదు. మా తెలుగువాళ్ళకి సొంత గుడి లేదు, హిందీ వాళ్ళ ఆరాధన అయ్యాక అదే గుడిలో మా ఆరాధన. పలాస, పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి తాతల నాడు రైల్వే పనికొచ్చిన కుటుంబాలే అన్నీ. పాస్టరుగారిని మేము అయ్యగారు అంటాం. ఎవరెవరు డ్యూటీలో ఉన్నారో అడిగి, వాళ్ళ కోసం ప్రార్థించాకే ఆయన పాట మొదలెట్టనిస్తారు. నెలకోసారి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం. ఒక్కటే గిన్నె, చేతులు మారుతూ వస్తుంది, అందరూ అందులోనే తాగుతారు. ఆ నెల గిన్నె నా చేతికి వస్తే, నా జబ్బు అంటుతుందని తాగకుండా పక్కకి ఇచ్చేశాను. మాలో గిన్నె దాటించేసిందంటే ఏదో తప్పు చేసిందనే అర్థం.

ఆరాధన అవగానే సంతోషమ్మ పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ పాయింట్స్‌మన్ భార్య, భర్త పోయాక కొడుకు దగ్గరుంటోంది. మా స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ గుడిలో ప్రార్థన చేస్తే యార్డులో ఇంజనువాళ్ళకి వినబడుతుందని మా ఆయన అంటారు.

"ఏటే, మొగుడూ పెల్లాం కొట్టుకున్నారేటి? గిన్నె ఎందుకు దాటించీసినావు?" అంది.

ఏడుపు ఆగలేదు, చెప్పేశాను. టీబీ మాట విన్నాక కూడా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే. సాయంత్రానికి కాలనీలో తెలుగు క్రైస్తవులందరికీ తెలిసిపోయింది. మా ఆయన కంచం తోసేసి, "ఆవిడకి చెప్తే మైకులో చెప్పినట్టే గదా!" అని అరిచారు. మర్నాటి నుంచి మాత్రం మా ఇంట్లో పొయ్యి వెలిగించే పని లేకపోయింది. ఒక పూట ఒకరు అన్నం తెచ్చేవారు, ఒకరు ఉపవాసముండి నా కోసం ప్రార్థన చేసేవారు. ఆసుపత్రిలో డ్రెస్సరుగా పనిచేసే మా సంఘపు స్తెఫను, అతని భార్య నా పిల్లలిద్దర్నీ వాళ్ళింటికి తీసుకుపోయారు. అలా అంతమంది నాకున్నారని అంతవరకూ నాకు తెలియదు.

ఆ ఏడు క్రిస్మస్ తర్వాత

మందులు పడ్డాయి. దగ్గు పోయింది, జ్వరం పోయింది, అన్నం రుచి తెలిసింది. పిల్లలు ఇంటికొచ్చారు. జనవరిలో ఒక ఆదివారం, దేవుడు చేసిన మేళ్ళకి సాక్ష్యాలు చెప్పే సమయంలో, నాతో ఒక్క మాట అనకుండా మా ఆయన లేచి నిలబడ్డారు. ఎప్పుడూ నోరు విప్పని మనిషి. "నా భార్యని ప్రభువు ముట్టినాడు. ఆమె రోగం పోయింది" అన్నారు. గుడి గుడంతా చప్పట్లు, హల్లెలూయలు. సంతోషమ్మ పిన్ని నన్ను కావలించుకుని వీపు మీద కొట్టింది. నాకు మా ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. తర్వాతి వారం క్వార్టరు ముందు షామియానా వేసి కృతజ్ఞతా కూడిక పెట్టాం, కోడికూర వండించాం.

గిన్నెలు కడగడానికి వంటింట్లోకి వచ్చిన పిన్ని అలమరలో మాత్రల డబ్బా చూసింది.

"ఇంకా ఇవేటే?"

"డాక్టరు ఏడాదన్నాడు పిన్నీ."

"అచ్ఛా! మరి మొన్న నీ మొగుడు నిలబడి సెప్పిందేటి? రోగం పోయిందని సాక్ష్యం సెప్పీసినాక మాత్రలేటి? దేవుడికి సగమే సేతనవుద్దేటి, మిగిలిన సగం డాక్టరు సేత్తాడా?"

ఆవిడ కోపంగా అనలేదు. ప్రేమగానే, నా గడ్డం పట్టుకుని అంది. అదే కష్టం. అరిచి చెబితే అరిచి జవాబు చెప్పేదాన్ని, నా నోరు తక్కువదేం కాదు. నేను వంటింటి గుమ్మంలో ఉన్న మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూపు చూస్తున్నారు. అందరూ వెళ్ళిపోయాక, "అంతమంది ముందు చెప్పీసినాను కదా కరుణా. నువ్వింకా మాత్రలేసుకుంటే నాను అబద్ధం చెప్పినట్టవదా?" అన్నారు.

ఆ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పేది, కీళ్ళు లాగేసేవి, మూత్రం ఎర్రగా వచ్చేది. మానేయమంటే ఎవరికి చేదు? మానేశాను. అయ్యగారికి ఈ సంగతి తెలియదు. ఆయన్ని అడగాలని మాలో ఎవరికీ తట్టలేదు.

ఎనభై ఎనిమిది, ఎండాకాలం

బిలాస్‌పూర్ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఆ ఎండలో నాకు సాయంత్రాలు చలి పుట్టడం మొదలైంది. మొదట ఎవరికీ చెప్పలేదు. తర్వాత దగ్గు వచ్చింది. గుడిలో వస్తే ఏం చేయను? బాగుపడిందని సంఘమంతా చప్పట్లు కొట్టిన మనిషిని నేను. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయి, కుళాయి దగ్గర దగ్గి, నీళ్ళు తాగినట్టు మూతి తుడుచుకుంటూ వచ్చేదాన్ని. కొన్నాళ్ళకి అదీ చేతకాలేదు. ఇంట్లో ఉండిపోయాను.

మా ఆయన ఆదివారం డ్యూటీలు అడిగి వేయించుకున్నారు. పాత రేడియో బాగుచేయించి తెచ్చారు. ఏదో దేశం నుంచి తెలుగులో దేవుని వాక్యం వచ్చేది, గరగరమంటూ. "ఇదీ వాక్యమే కదా. గుడికెళ్ళకపోతే దేవుడు తోసీస్తాడేటి?" అన్నారు. నాకూ హాయిగానే ఉండేది, నిజం చెప్పాలి. ఆ బోధకుడు చక్కగా మాట్లాడేవాడు, ఒక్కో మాటకి కళ్ళనీళ్ళొచ్చేవి. కానీ నేను ఎంత దగ్గినా ఆయన ప్రసంగం ఆగేది కాదు. నేను ఎందుకు దగ్గుతున్నానని అడగలేదు. అడగకపోవడమే అప్పుడు నాకు కావాల్సింది.

ఆసుపత్రికి వెళ్ళొచ్చు కదా అంటావు జ్యోతీ. వెళ్ళొచ్చు. ఆసుపత్రిలో స్తెఫను ఉన్నాడు. స్తెఫనుకి తెలిస్తే వాళ్ళావిడకి, ఆవిడకి తెలిస్తే సంఘానికి. అందుకని తెలిపారా పేటలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పాత జబ్బు సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయన దగ్గు మందు రాసిచ్చాడు. పాపం, ఆయన తప్పేముంది?

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నేను దగ్గినప్పుడల్లా మా ఆయన లేచి వరండాలోకి వెళ్ళేవారు. కోపమనుకునేదాన్ని, భయమని తర్వాత తెలిసింది. ఒకరోజు మా చిన్నది నా నోటి మీద తన చిన్న చెయ్యి పెట్టి, "దగ్గకమ్మా, నాన్న ఎల్లిపోతన్నాడు" అంది. ఆ మాటకి నేను పగిలిపోయాను. ఆ వారమే నెత్తురు పడింది. పళ్ళెంలో ఎర్రగా చూసి నాకు ముందు వచ్చిన ఆలోచన, పిల్లలకి కనబడకుండా ఎక్కడ పారబోయాలా అని.

అదే ఏడు, వానలు మొదలయ్యాక

నన్ను బతికించింది నువ్వు చెప్పిన ఆ చాడీలే జ్యోతీ. గుడి సమయంలో మా ఇంట్లో రేడియో పాటలు గట్టిగా వినబడుతున్నాయని ఎవరో నీళ్ళ కుళాయి దగ్గర చెప్పుకున్నారు. సంతోషమ్మ పిన్ని చెవిన పడింది. ఆరాధన అవగానే, గొడుగు కూడా మూయకుండా, సరాసరి మా గదిలోకి వచ్చేసింది.

"ఏటే మారాణీ, గుడికి రావడానికి తీరుబాటు లేదేటి? రేడియోవోడు వచ్చి నీకు..."

మాట మధ్యలో ఆగిపోయింది. నేను పళ్ళెం మంచం కిందికి తోసే లోపలే చూసేసింది. గొడుగు కింద పడేసి, నేల మీద కూలబడింది.

"ఓలమ్మా! మాత్రలు మానీసినావా?"

"నువ్వే కదా పిన్నీ అన్నావు."

ఆవిడ ముఖం అలా అవడం నేను ఎన్నడూ చూడలేదు. తర్వాత లేచి, "నడు ఆసుపత్రికి" అంది. అప్పుడే మా ఆయన షెడ్డు నుంచి వచ్చారు. గుమ్మంలో నిలబడి, "ఆసుపత్రికెల్తే స్తెఫను చూస్తాడు. రేపటికి అందరికీ తెలుస్తాది. నాను చెప్పింది దొంగ సాక్ష్యమంటారు" అన్నారు.

"అంటే అననీ! పరువు పోయేది దేవుడికా, నీకా?"

"నీ మాట మీదే కదా అది మాత్రలు మానీసింది! ఇప్పుడొచ్చి నాకు చెప్తన్నావా?"

"అవును, నేనే! నేను పాపిష్టిదాన్నే! అయితే అది సచ్చిపోవాలేటి?"

ఆవిడ నా మంచం పక్కన, ఆయన గుమ్మంలో నిలబడి అరుచుకుంటున్నారు. నాకు పిచ్చి కోపం వచ్చింది. "మీ సాక్ష్యం బతికుండాలని నన్ను చంపేస్తారా ఇద్దరూ కలిసి?" అని అరిచాను. అరవడంతో దగ్గు తెర వచ్చింది, కొంగు ఎర్రబడింది. మా ఆయన గుమ్మంలోనే గోడకి తల ఆనించి, చంటిపిల్లాడిలా ఏడ్చారు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాం. స్తెఫను నన్ను చూశాడు. స్టూలు తెచ్చి వేసి, తన ఫ్లాస్కులో టీ మూతలో పోసి ఇచ్చాడు. డాక్టరు మాత్రం కోప్పడ్డాడు. మందులు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందని, పాతవి పనిచేస్తాయో లేదో తెలియదని, ఈసారి రోజూ సూది అని, ఏడాదిన్నర అని చెప్పాడు. "ఈసారి మానేస్తే నా దగ్గరికి రాకు" అన్నాడు. నా పిల్లలు ఎవరి చేతిలో పెరుగుతారా అని ఆ వరండాలో కూర్చుని ఒక్కొక్కరి ముఖం తలుచుకున్నాను.

స్తెఫను ఎవరికీ చెప్పలేదు, పిన్నీ చెప్పలేదు. ఆవిడ జీవితంలో ఒక మాట దాచుకున్నది అదొక్కసారే అనుకుంటాను. అలా దాచినా నాకు ఊపిరి ఆడలేదు. వచ్చే ఆదివారం గుడికి వెళ్తానన్నాను. మా ఆయన వద్దనలేదు, రమ్మనీ అనలేదు. సైకిలు మీద ముందే వెళ్ళిపోయి మగవాళ్ళ వైపు కూర్చున్నారు.

నేను లోపలికి వెళ్ళలేదు. మూతికి గుడ్డ కట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాను. సాక్ష్యాల సమయం వచ్చింది. తలుపు పట్టుకుని, "నాకు తగ్గలేదు" అన్నాను. అందరూ వెనక్కి తిరిగారు. "తగ్గిందనుకుని మందులు మానేశాను. మళ్ళీ వచ్చింది. ముందుకంటే ఎక్కువగా ఉంది. నాకు చచ్చిపోతానని భయంగా ఉంది."

ఒకావిడ తన పిల్లల్ని ఒళ్ళోకి లాక్కుంది. రిటైరైన గార్డు తాతగారు లేచి, "మరి ఆ రోజు చప్పట్లెందుకు కొట్టించినారు? దేవుడి పేరుతో ఆటలేటి?" అన్నారు. సంతోషమ్మ పిన్ని, "మాత్రలు మానిపించింది నేను. అడిగితే నన్నడగండి" అని లేచింది. తాతగారు కూర్చోలేదు.

అప్పుడు మా ఆయన లేచారు. బయటికి వెళ్ళిపోతారనుకున్నాను. మా గుడిలో మగవాళ్ళు ఆడవాళ్ళ వైపు అడుగు పెట్టరు. ఆయన ఆడవాళ్ళ చాపల మధ్యలోంచి నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి, నా పక్కన నిలబడి, "సాక్ష్యం నాది. తొందరపడి చెప్పీసినాను. తప్పు నాదే, దేవుడిది కాదు" అన్నారు. నా చెయ్యి పట్టుకున్నారు, అంతమందిలో.

అయ్యగారు ప్రసంగ వేదిక దిగి వచ్చారు. వాక్యమేదో చెబుతారనుకున్నాను. "మందులు ఎన్నాళ్ళమ్మా?" అని అడిగారు.

"ఏడాదిన్నరండి."

"అయితే ఉపవాసాలకి వంతులు వేసుకున్నట్టే దీనికీ వేసుకుందాం. రోజూ ఒకరు వెళ్ళి, అమ్మాయి మాత్రలు మింగేదాకా దగ్గర ఉండాలి. మింగాక ప్రార్థన చెయ్యండి, ముందు కాదు" అన్నారు.

ఆ ఏడాదిన్నర

షెడ్డులో డ్యూటీలు వేసినట్టు మా ఆయనే వంతులు వేశారు. రాత్రి డ్యూటీ దిగినవాళ్ళకి కొన్ని రోజులు, పగటి డ్యూటీ వాళ్ళ ఆడవాళ్ళకి మిగతా రోజులు. అందరూ దేవదూతలని రాయను. కొందరు గుమ్మంలోంచే, "ఏసుకున్నావా?" అని అడిగి పోయేవారు. పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్న ఆవిడ కుటుంబం వేరే గుడికి వెళ్ళిపోయింది, ఇప్పటికీ మాట్లాడదు. కోప్పడిన గార్డు తాతగారు మాత్రం తన వంతు ఒక్కటీ తప్పలేదు. వరండాలో పేపరు చదువుతూ కూర్చుని, గ్లాసు చప్పుడు విన్నాక లేచేవారు. సంతోషమ్మ పిన్ని రోజైతే చెప్పక్కర్లేదు. "నోరు తెరు. నాలిక ఎత్తు. ఇటు దాసినావేటి?" అని బుగ్గ నొక్కి చూసేది. "నేను దొంగనా పిన్నీ?" అంటే, "నువ్వు కాదు, నేనే దొంగ. అందుకే సూత్తన్నాను" అనేది.

ఒకరోజు భరించలేక మాత్రలు నేలకేసి కొట్టాను. ఇంక నా వల్ల కాదు, పోతే పోతానన్నాను. ఆ రోజు వంతు అయ్యగారి భార్యది. ఆవిడ బతిమాలలేదు, వాక్యం చెప్పలేదు. వంగి ఒక్కో మాత్ర ఏరి, కొంగుతో తుడిచి, అరచేతిలో పెట్టుకుని, నేను ఏడవడం అయ్యేదాకా అలాగే కూర్చుంది. తర్వాత మింగాను. ఆ సూదుల వల్ల నా ఎడమ చెవిలో ఇప్పటికీ ఈల మోగుతుంది, అటు నుంచి పిలిస్తే పలకను. కొంత ఊపిరి పోయింది, మెట్లు ఎక్కలేను. అవి తిరిగి రావు.

టేపులు వినొద్దని నేను అనను జ్యోతీ. నేనూ వింటాను. కానీ నీ దగ్గు వినేవాళ్ళు నీకుండాలి. నీ మీద కోప్పడేవాళ్ళు, నీ ముఖం చూసి ఏదో ఉందని పట్టేసేవాళ్ళు, తప్పు సలహా ఇచ్చి ఆ తప్పు మోయడానికి మళ్ళీ నీ గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. అలాంటివాళ్ళు గుడిలో చాప మీద నీ పక్కన కూర్చుంటేనే దొరుకుతారు. నాకు వేరే చోట దొరకలేదు.

ఎనభై తొమ్మిది చివర

డాక్టరు కొత్త ఫోటో, పాత ఫోటో పక్కపక్కన పెట్టి చూసి, "ఇంక చాలు, మందులు ఆపొచ్చు" అన్నాడు. ఆ ఆదివారం మా ఆయన, "నాను చెప్పను, నువ్వే చెప్పు" అన్నారు. సాక్ష్యాల సమయంలో లేచాను. ఈసారి గుమ్మంలో కాదు, మా చాప మీదే. "మందులు అయిపోయాయి. డాక్టరు చాలన్నాడు" అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పడానికి నోరు రాలేదు.

ఎవరూ హల్లెలూయ అనలేదు. చప్పట్లు కొట్టడానికి అందరికీ భయమే. మా ఆయన మగవాళ్ళ వైపు నుంచి నన్నే చూస్తున్నారు.

అప్పుడు సంతోషమ్మ పిన్ని గొంతు లేచింది. "ఏదీ పిల్లా, ఓపాలి దగ్గు. ఇందాం."

ఎవరో నవ్వారు, వెంటనే ఆపేశారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, తీసేసి, గుడిలో అందరికీ వినబడేలా దగ్గాను.